మందు కాదు... ముందు నీళ్లు!

మందారం మొగ్గ తొడిగిందని మురిసేలోపే కొమ్మల సందుల్లో తెల్లటి దూది! అదే పిండినల్లి. పైగా సిమెంటు ఫ్యాక్టరీ ఉన్న బసంత్‌నగర్, బొగ్గుగనుల గోదావరిఖనిలాంటి చోట్ల దుమ్ము బెడద ఒకటి. ఆకులపై దుమ్ము పేరుకుంటే ఎర్రనల్లికి పండగే. దాన్ని తినే మిత్రపురుగులు అక్కడ నిలవలేవు. ఘాటైన మందు కొడితే ఆ కాసిన్నీ చస్తాయి. పిల్లలు తిరిగే ఇల్లాయె!

అందుకే వారానికోసారి ఆకుల్ని అడుగువైపు కూడా కడగండి. పిండినల్లిని స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి. తగ్గకపోతే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రంపూట చల్లండి.

కుండీకి చీమలు బారులు తీరాయా? తియ్యటి జిగురు కోసం పిండినల్లిని కాపాడేది అవే. చక్కెర డబ్బాకు చేసినట్టే, నీళ్ల పళ్లెంలో ఇటుక పెట్టి దానిపై కుండీ ఉంచితే సరి!