ఐ.సి.యూ. నుండి వార్డునకు వచ్చిన రోగి భయము

ఇంటి పెద్దకు ప్రాణాపాయము కలిగినచో మన కోలారు జిల్లావారము టమకలోని జాలప్ప ఆస్పత్రికో, బెంగుళూరునకో పరుగెత్తుదుము. కొన్ని దినములకు వైద్యులు "గండము గడచినది, వార్డునకు మార్చుచున్నాము" అనగానే మనకు పోయిన ప్రాణము లేచివచ్చును. రోగికి మాత్రము పెక్కుసార్లు అప్పుడే భయము మొదలగును.

నేనెరిగిన వృద్ధు డొకరు 2001లో మూతపడిన మన బంగారు గనులలో పనిచేసినవారు. గుండెపోటు వచ్చి, ఐ.సి.యూ.లో నుండి వార్డునకు వచ్చిన మొదటి రాత్రి ఆయన కన్ను మూయలేదు. క్లిప్పు తీసివేసిన వ్రేలినే తడవుకొనుచు, "గనిలో గంట వినబడినంతసేపు పైవాడు మనలను మరువలేదని ధైర్యముండెడిది. ఇచ్చట గంటయే లేదు. నా గుండె ఆగినచో ఎవరికి తెలియును?" అనిరి. కుమారుడు చాదస్తమని కసరెను.

అది చాదస్తము కాదు. 1952లో కోపెన్‌హాగెన్ నగరమున పోలియో ప్రబలినపుడు వైద్య విద్యార్థులు రేయింబవళ్లు రోగుల చెంత కూర్చుండి, చేతితో సంచి నొక్కుచు ఊపిరి అందించిరి. మరుసటి సంవత్సరము డాక్టరు ఇబ్సెన్ అచ్చటనే అట్టి రోగులకు ప్రత్యేక విభాగము నెలకొల్పెను. నేటి ఐ.సి.యూ.లకు మూలమదియే. ఒకరిద్దరు రోగులకు ఒక నర్సు ఉండుట దాని ప్రాణము. వార్డులో ఒక నర్సు ఎందరినో చూడవలయును. నిన్నటివరకు విసిగించిన యంత్రధ్వని ఆగుటయే నేడు భయహేతువగును. దీనికి తోడు నిద్రలేమి, కండరముల నీరసము, జ్ఞాపకమునుండి జారిపోయిన దినములు. చోటు మారుటచే కలుగు ఈ క్లేశమును 1992లో ఉత్తర అమెరికా నర్సుల నిర్ణయ సంఘము ప్రత్యేకముగా గుర్తించినది.

కావున మార్పు సంగతి రోగికి ముందుగానే చెప్పవలెను. యంత్రములు తీసివేయుట ఉపేక్ష కాదనియు, స్వస్థతకు గుర్తనియు తెలుపవలెను. రాత్రి పది మొదలు ఉదయము ఏడు వరకు, వీలైనంతవరకు, ఇట్టి మార్పు వలదని 2007 నాటి బ్రిటిషు వైద్య మార్గదర్శకము. మనవారికి ఇంకొక చిక్కు కలదు. బజారులో కన్నడము, తమిళము ధారాళముగా మాటాడు పెద్దలకు జబ్బులో తెలుగే నోటికి వచ్చును. నర్సుకు అది తెలియకపోవచ్చును. తెలుగు వచ్చిన ఇంటివారొకరు చెంత నుండుట మందుతో సమానము. అయితే ఆయాసము, ఛాతీనొప్పి, ఆకస్మికమైన మతిభ్రమ కనబడినచో భయమేయని ఊరకుండరాదు. తక్షణము నర్సును పిలువవలయును.

ఆ వృద్ధునికి మరునాడు నర్సు నాడి చూచి, సంఖ్యను కాగితముపై వ్రాసి చూపినది. మరల ఎన్ని గంటలకు వచ్చునో కుమారునిచే తెలుగులో చెప్పించినది. ఆ మధ్యాహ్నము ఆయన నిద్రించిరి.