తుర్కమెనుల తివాచీలు

అంగళ్లలో ‘బొఖారా’ యను పేర అమ్మెడి ఎఱ్ఱని తివాచీలను పాఠకులలో కొందరైనను చూచియుందురు. ఆ పేరు నేసినవారిది కాదు, అమ్మినవారిది. మధ్య ఆసియాలో కారకుమ్ ఎడారి పరిసరములందు గొఱ్ఱెలను మేపుకొనుచు తిరిగిన తుర్కమెను తెగల స్త్రీలు వానిని నేయగా, బొఖారా నగరమున వర్తకులు అమ్మిరి. ఊరి పేరు నిలిచి, తెగ పేరు మఱుగుపడినది.

నేలలో దిగగొట్టిన నాలుగు మేకులు, వానికి కట్టిన రెండు దూలములు: ఇదియే వారి మగ్గము. మకాము మార్చునపుడు సగము నేసిన తివాచితోనే దానిని చుట్టి తీసికొనిపోయెడివారు. తమ గొఱ్ఱెల ఉన్నినే వడికి, మంజిష్ఠజాతి వేరుతో ఎఱుపును, నీలిమందుతో నీలమును ఎక్కించెడివారు. పడుగుపై ఒక్కొక్క ముడి వేసి కత్తితో కోసి, వరుస ముగియగానే పేక నడిపి, బరువైన దువ్వెనతో దిగగొట్టుదురు. మేలైన పాత తివాచీలలో చదరపు అంగుళమునకు 200కు మించి ముడులుండును. కాగితముపై గీచిన నమూనా లేదు. తల్లి ప్రక్కన కూర్చుండి కూతురు నేర్చినదే నమూనా.

అందు ముఖ్యమైనది ‘గుల్’ అను పతకమువంటి రూపము. తెక్కె, యోముత్, సాలోర్, సారిక్, ఎర్సారి మున్నగు తెగలవారు తమ తమ గుల్‌లను బట్టి గుర్తింపబడిరి. మేమును మొదట బొమ్మలలో చూచి అన్నియు నొకటే యనుకొంటిమి. నిదానించి చూడగా, తెక్కెవారి గుల్‌లను సన్నని గీతలు నిలువుగను అడ్డముగను కలుపుచున్నవి. యోముత్‌ల ‘దిర్నాక్’ గుల్ అంచులకు కొక్కెములున్నవి.

తివాచి యనగా క్రింద పఱచునదని మన తలంపు. వారికి గుడారపు వాకిట వ్రేలాడు ‘ఎన్సి’యు, బట్టలు దాచు ‘చువల్’ సంచియు తివాచి పనియే. పెండ్లికూతురు నెక్కించుకొని పోవు ఒంటె ఇరుప్రక్కల కట్టుటకు అయిదు మూలల ‘అస్మలిక్’లను జంటగా నేసెడివారు. నేడు సేకరణలలో మిగిలినవానిలో చాలవఱకు జంట విడిపోయినవే.

1881లో గియోక్ తెపె కోట రష్యా సేనలకు లోబడినది. పిమ్మట తివాచీలు ఇంటి అవసరమునకన్న సంతకే ఎక్కువగా నేయబడినవి. నీటికి కారిపోవు రసాయనపు రంగులును చేరినవి. అయినను విద్య నశింపలేదు. 1991లో స్వతంత్రమైన తుర్కమెనిస్తాన్ తన జెండాపై అయిదు గుల్‌లను నిలుపుకొన్నది. 2019లో యునెస్కో ఈ నేతపనిని మానవజాతి వారసత్వపు జాబితాలో చేర్చినది.

అంగడిలో మాత్రము పాత పేరే. ‘బొఖారా’ యని నేడు అమ్మెడివానిలో పెక్కు పాకిస్తానులో నేసినవి. వానిపైనున్న గుల్ తెక్కెవారిది.