చేతిపని కూడా చదువే



వార్షికోత్సవ సంచికలో చదువుల గురించి, ఆటల గురించి, ఉద్యోగాల గురించి రాసేవారు చాలామంది ఉంటారు. ఈ వసతి గృహంలో చదువుకుని వెళ్ళిన మేము కొందరం మాత్రం మన ఇళ్ళలో రోజూ కనిపించే పనుల గురించి రాయదలిచాము. నులక పేనడం, మంచం అల్లడం, సర్వపిండి కాల్చడం, సకినాలు చుట్టడం, ఊలు అల్లడం. "ఇవి కూడా వ్యాసానికి విషయాలేనా?" అని కొందరు నవ్వవచ్చు. కానీ ఈ పనుల్లో ప్రతిదానికీ ఒక లెక్క ఉంది, ఒక కారణం ఉంది. అవి తెలిసిన మన అవ్వలు, తాతలు చేసి చూపించగలరు గానీ రాసిపెట్టలేరు. రాయడం వచ్చిన మనం చిన్న వయసులోనే ఇల్లు విడిచి హాస్టలుకు వస్తాము. ఈ రెండింటి మధ్య ఎంతో విద్య జారిపోతున్నది. మా బాధ అదే.

మన అడవి, మన ఇల్లు

కాళేశ్వరం దగ్గర ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది. అవతలి ఒడ్డున మహారాష్ట్రలోని సిరొంచ. ఇవతల మహదేవపూర్ అడవులు. 2016 దాకా కరీంనగర్ జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం ఇప్పుడు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉంది. జిల్లా పేరు మారినా మన పల్లెల్లో ఇంటి వస్తువుల్లో చాలావరకు ఈ అడవి ఇచ్చినవే. వెదురుతో గంపలు, తడకలు. మోదుగాకుతో విస్తర్లు. వేసవిలో ఇప్పపూలు, ఆ తర్వాత తునికాకు. తునికాకు ఏరే ఇంట్లో పుట్టిన పిల్లలకు కట్టకు యాభై ఆకులని బడికి పోకముందే తెలుసు. మనలో చాలామంది లెక్కలు మొదట నేర్చుకున్నది అక్కడే.

మహదేవపూర్ దసలి పట్టుకు పేరున్న ఊరు. మల్బరీ పట్టుపురుగును ఇంట్లో తట్టల్లో పెంచుతారు. దసలి పురుగు అలా కాదు. అది అడవిలో మద్దిచెట్టు మీదే ఉండి ఆకు తిని పెరుగుతుంది. పక్షులు, చీమలు దాన్ని తినేయకుండా మనిషి పగలంతా కాపలా కాయాలి. పురుగు కట్టిన పట్టుకాయకు గట్టి తొడిమ ఉంటుంది. దానితోనే అది కొమ్మకు వేలాడుతుంది. కాయ చాలా గట్టిది కనుక సోడా కలిపిన నీళ్ళలో ఉడికించి మెత్తబరిచిన తర్వాతే దారం తీస్తారు. ఆ దారానికి రంగు వేయకపోయినా లేత తేనెరంగు ఉంటుంది. ఇంత పనిచేసే చేతులను "చదువు లేనివి" అనడం న్యాయమా?

నులకలో ఉన్న సూత్రం

గోగు కట్టెను గానీ జనుము కట్టెను గానీ కొన్ని రోజులు నీళ్ళలో నానబెడితే బెరడు కుళ్ళి నార ఊడి వస్తుంది. దాన్ని కడిగి, ఆరబెట్టి, నులక పేనుతారు. పేనేటప్పుడు రెండు పాయలనూ ఒకే వైపు మెలిపెట్టి, ఆ రెండింటినీ కలిపి ఎదురు వైపు మెలిపెడతారు. ఎందుకు? ఒక్కో పాయ తన మెలిక విప్పుకోవాలని చూస్తుంది. అది విప్పుకోబోతే రెండూ కలిసిన మెలిక ఇంకా బిగుస్తుంది. ఒకదాన్ని ఒకటి పట్టి ఉంచుతాయి. అందుకే వదిలేసినా నులక విచ్చుకోదు. బావి మోకు నుంచి అంగట్లో దొరికే ఊలు దాకా చాలావాటిలో ఉన్నది ఇదే సూత్రం.

మంచం అల్లేవారు పట్టెల మధ్య మొత్తం నింపరు. కాళ్ళ వైపు జానెడు ఖాళీ వదిలి, అక్కడ వేరే తాడుతో అల్లికను పట్టెకు లాగి కడతారు. వాడగా వాడగా మంచం సాగుతుంది. అప్పుడు అల్లిక అంతా విప్పనక్కరలేదు. ఆ ఒక్క తాడును బిగిస్తే మంచమంతా బిగుస్తుంది. చెడిపోయినప్పుడు ఎలా బాగుచేయాలో ముందే ఆలోచించి చేసిన వస్తువు అది. ఇంజనీరింగు చదివే మిత్రులు ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు గమనించండి.

తక్కువ ఖర్చు వంట

డిగ్రీ చదువుకు, పోటీ పరీక్షలకు హనుమకొండ వెళ్ళి గది అద్దెకు తీసుకున్నప్పుడు మాకు మొదట అక్కరకొచ్చింది వంటే. వంట వచ్చినవాడికి నెల చివర కూడా అన్నం ఉంటుంది. అందుకే పదో తరగతి దాటేలోగా మూడు వంటలైనా నేర్చుకోవాలని తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మా సలహా.

సర్వపిండి: రెండు గ్లాసుల బియ్యప్పిండి, గంటసేపు నానిన గుప్పెడు శనగపప్పు, దంచిన పల్లీలు, నువ్వులు, కారం, ఉప్పు, కరివేపాకు, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ. నీళ్ళు పోసి ముద్ద చేయాలి. సర్వ లోపల నూనె రాసి ముద్దను పలుచగా ఒత్తి, వేలితో అక్కడక్కడ రంధ్రాలు చేసి వాటిలో నూనె చుక్కలు వేయాలి. మూతపెట్టి సన్నని మంట మీద కాల్చాలి. రంధ్రాలు అందం కోసం కాదు. నూనె అడుగుదాకా దిగేది, లోపలి ఆవిరి బయటికి వచ్చేది వాటి గుండానే. రెండోది ఒత్తాలంటే గిన్నె చల్లారాలి. అందుకే మన ఇళ్ళలో రెండు గిన్నెలు పెట్టుకుంటారు.

పచ్చిపులుసు: దీనికి పులుసు మరగబెట్టే పని లేదు. చింతపండు నానబెట్టి పిసికిన రసంలో కాల్చిన మిరపకాయలు, ఉల్లిగడ్డ, కొత్తిమీర, ఉప్పు వేసి నలపాలి. వేయించి దంచిన నువ్వుల పొడి కలిపితే చిక్కదనం, బలం రెండూ వస్తాయి.

సకినాలు: సంక్రాంతికి నానబెట్టిన బియ్యం తడి ఆరకముందే పిండి పట్టించి, నువ్వులు, వాము, ఉప్పు కలిపి, వేళ్ళతో సన్నని తీగలా వదులుతూ గుండ్రంగా చుడతారు. వాటిని బట్ట మీదే ఎందుకు చుడతారు? పిండిలో ఎక్కువైన తడిని బట్ట పీల్చుకుంటుంది. సకినం గట్టిపడి విరగకుండా లేస్తుంది, నూనెలో చిటపటలాడదు.

గొంగడి, మఫ్లరు

చలికాలం మన అడవి పల్లెల్లో తెల్లవారుజామున వణుకు పుడుతుంది. అప్పుడు గొంగడి విలువ తెలుస్తుంది. కురుమలు నల్లగొర్రెల ఉన్ని కత్తిరించి, వడికి, పడుగుకు చింతగింజల గంజి పట్టించి నేస్తారు. ఉన్ని పోగుల మధ్య గాలి నిలిచి ఉండడం వల్ల ఒంటి వేడి బయటికి పోదు. వానలో కప్పుకున్నా నీరు వెంటనే లోపలికి దిగదు.

నేత వేరు, ఊలు అల్లిక వేరు. నేతలో పడుగు, పేక అని రెండు వరుసల దారాలు ఉంటాయి. ఊలు అల్లికలో ఒకటే దారం ఉచ్చులో నుంచి ఉచ్చుగా పోతుంది. అందుకే స్వెట్టరు సాగుతుంది. అందుకే ఒక్క ఉచ్చు జారినా కింది వరుసలు విచ్చుకుంటాయి. మొదట నేర్చుకునేవారు మఫ్లరుతో మొదలుపెట్టవచ్చు. రెండు వెదురు పుల్లలను గాజుపెంకుతో గీకి నున్నగా చేస్తే సూదులు సిద్ధం. ముందు చిన్న ముక్క అల్లి కొలవాలి. పది సెంటీమీటర్లకు 20 కుట్లు వస్తే, ఇరవై సెంటీమీటర్ల వెడల్పుకు 40 కుట్లు ఎక్కించాలి. అనుపాతం లెక్కకు ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏముంది?

ఇది ఎవరి పని?

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది. మన సమాజంలో ప్రతి చేతిపనికీ ఒక కులాన్ని కట్టేశారు. వంటను ఆడవాళ్ళకు కట్టేశారు. పనిచేసేవారిని తక్కువగా చూశారు. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ 1936లో ప్రచురించిన 'కులనిర్మూలన'లో, కులం పనిని పంచడంతో ఆగదని, పనిచేసే మనుషులనే మెట్లుమెట్లుగా విడగొడుతుందని వివరించారు. కాబట్టి "మన పాత పనులు గొప్పవి, మనం అవే చేసుకుందాం" అని మేము అనడం లేదు. చదువు మానమనీ అనడం లేదు. ఏ పనైనా ఎవరైనా నేర్చుకోవచ్చు, ఏ పని చేసినా ఎవరూ తక్కువ కారు అని చెబుతున్నాము. ఊరి నుంచి ఊరికి, కులం నుంచి కులానికి దాటి అందరం ఒకే వరుసలో కూర్చుని తిన్న హాస్టలు పిల్లలకు ఈ మాట ఒకరు చెప్పనక్కరలేదు. మగపిల్లలు రొట్టె కాల్చాలి. ఆడపిల్లలు మంచం అల్లాలి. పొద్దంతా కూలికి పోయి వచ్చిన అమ్మకు సెలవుల్లోనైనా పొయ్యి దగ్గర సాయం దొరకాలి.

మనం చేయగలిగినవి

1. ప్రతి వేసవి సెలవుల్లో ఇంటి పెద్దల దగ్గర ఒక్క పనైనా పూర్తిగా నేర్చుకోవడం.
2. దాన్ని నోటుపుస్తకంలో రాయడం. వాడే వస్తువుల పేర్లు మన ఊళ్ళో ఎలా పలుకుతారో అలాగే రాయాలి. "ఎందుకు అలా చేస్తారు?" అని అడిగి ఆ జవాబూ రాయాలి.
3. ఆదివారం మధ్యాహ్నం హాస్టలులో ఒకరికొకరు నేర్పుకోవడం.
4. పూర్వ విద్యార్థులు వార్షికోత్సవానికి వచ్చినప్పుడు తమకు వచ్చిన పనిని చిన్నవారికి చేసి చూపించడం.

మన కుటుంబాల్లో చాలావాటికి మనమే మొదటి చదువరులం. అవ్వ చేతిలో ఉన్న విద్యను కాగితం మీద పెట్టగలిగిన మొదటివాళ్ళమూ మనమే. ఆ పని ఈ సెలవుల్లోనే మొదలుపెడదాం. వచ్చే సంచికకు మీ నోటుపుస్తకాల్లోని పేజీలు రావాలని కోరుకుంటున్నాము.