పిల్లలకు ప్రొద్దును ఋతువులను చెప్పు విధము



అరుగుమీద గూర్చున్న తాతను మనుమడు, "తాతా, వేసవిలో ఎండ యింత తీక్ష్ణముగా నేల కాయును?" అని యడిగినాడనుకొందము. తాత తడవు చేయక, "సూర్యుడు దగ్గఱకు వచ్చును గనుక" అనును. చలికాలమేల వచ్చునన్నచో, "దూరముగా బోవును గనుక" అనును. నిప్పునకు దగ్గఱ గూర్చున్న వేడి, దూరముగా గూర్చున్న చలి; ఇది యెల్లవారును ఎఱిగినదే. కావున సమాధానము వినుటకు మిక్కిలి సహజముగా నున్నది. కాని యిది తప్పు.

నేను బడిపంతులుగా జేరిన తొలి సంవత్సరములలో ఈ తప్పునే నల్లబల్లమీద బొమ్మ వేసి మఱి బోధించితిని. భూమి సూర్యుని చుట్టు తిరుగు త్రోవను కోడిగ్రుడ్డువలె సాగదీసి గీసి, నడుమ సూర్యుని నిలిపి, దగ్గఱి తావున వేసవియనియు దూరపు తావున శీతకాలమనియు వ్రాసితిని. వెనుక బల్లమీది పిల్లవాడొకడు లేచి, "అయ్యవారూ, ఆ గ్రుడ్డులో సూర్యునికి దగ్గఱి తావులు రెండున్నవి. మనకేడాదికి రెండు వేసవులు రావలదా?" అని యడిగెను. "కూర్చుండుము, అధికప్రసంగము చేయకుము" అంటిని. వాడు కూర్చుండెను గాని, ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. వాడడిగినది న్యాయము, నా బొమ్మ యబద్ధము. మఱునాడు తరగతి యెదుట నా తప్పు నొప్పుకొంటిని. సరియైన సమాధానమును పిల్లల కంటికి గట్టునట్లు చూపుట నేర్చుకొనుటకు మాత్రము నాకు చాలకాలము పట్టెను. ఆ విధమునే యిప్పుడు మనవి చేసెదను. ఇందులకు కావలసిన పరికరములన్నియు మీ యిండ్లలోనే యున్నవి.

మొదట పగలు రాత్రి సంగతి. మన కన్నులకు సూర్యుడు తూర్పున బొడిచి పడమట గ్రుంకుచున్నాడు. భూమి కదలుచున్న జాడ కాలిక్రింద నేమియు తెలియదు. కనుక భూమియే తిరుగుచున్నదని చెప్పినంతనే పిల్లవాడు నమ్మవలెననుట బలవంతము. వానిని ఒకసారి గోదావరిమీదనో కృష్ణమీదనో పడవ యెక్కింపుడు. గట్టుమీది తాడిచెట్లు వెనుకకు పోవుచున్నవని వాడే చెప్పును. ఈ దృష్టాంతము నాది కాదు. క్రీ. శ. 499 ప్రాంతమున వెలసిన ఆర్యభటీయములో, పడవలో ముందునకు సాగువానికి గట్టుమీది వస్తువులు వెనుకకు పోవునట్లు తోచుట యెట్లో, కదలని నక్షత్రములు పడమటికి బోవునట్లు మనకు తోచుట యట్లేయని ఆర్యభటుడు చెప్పియున్నాడు. ఆయన లెక్క ప్రకారము భూమి యొకమాఱు తన చుట్టు తాను తిరుగుటకు 23 గంటల 56 నిమిషముల 4 సెకనులు పట్టును. నేటి పరికరములు చూపెడి కాలమును ఇదియే.

ఇంతటి మాటను మన పూర్వులందఱును ఒప్పుకొనలేదు. ఆఱవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు, భూమియే తిరుగుచున్నచో ఆకాశమున కెగిరిన పక్షులు మఱల తమ గూళ్లనెట్లు చేరునని యాక్షేపించెను. నా తరగతిలో నొక పిల్లవాడు, పంచసిద్ధాంతిక పేరైన నెఱుగనివాడు, సరిగా ఈ ప్రశ్ననే యడిగినాడు! అట్లడిగిన పిల్లవానిని గద్దింపకుడు. వాని నోట మాటలాడుచున్నది వరాహమిహిరుడు. వానిని రైలుబండిలో కూర్చుండబెట్టి, బండి నెమ్మదిగా ఒకేతీరున పోవుచుండగా నిమ్మకాయ నొకదానిని పైకెగురవేయుమనుడు. కాయ వెనుకకు పడక వాని చేతిలోనే పడును. ఏలయన కాయకును బండి వేగమున్నది. మన యక్షాంశమున నేల గంటకు సుమారు వేయి మైళ్ల వేగముతో తూర్పునకు తిరుగుచున్నది. గాలియు పక్షియు గూడును చెట్టును అన్నియు కలిసియే తిరుగుచున్నవి. భూభ్రమణము కంటికి కనబడునట్లు నిరూపించినవాడు ఫూకో యను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు. 1851లో ఆయన పారిస్ నగరపు పాంథియానులో సుమారు 220 అడుగుల తీగకు 28 కిలోల గుండును వ్రేలాడదీసి యూపగా, ఊగెడి దిక్కు గంటగంటకును మెల్లగా మాఱుచుండెను. గుండును ప్రక్కకు ద్రోయువారెవ్వరును లేరు. క్రిందనున్న నేలయే తిరిగినది.

ఒక్క చిన్న లెక్క. భూమి 24 గంటలలో 360 డిగ్రీలు తిరుగుచున్నట్లు సూర్యునిబట్టి యెంచినచో, ఒక్కొక్క డిగ్రీకి 4 నిమిషములు. 1906లో ఏర్పడి నేడు మన దేశమంతయు అనుసరించుచున్న గడియారపు కాలము 82½ డిగ్రీల రేఖాంశమును బట్టి నిర్ణయింపబడినది. ఆ రేఖ కాకినాడకు చేరువగా బోవుచున్నది. కాకినాడలో సూర్యుడు నడినెత్తిని దాటిన పిమ్మట హైదరాబాదులో దాటుటకు మఱి 15 నిమిషములు పట్టును. రెండూళ్లలో బంధువులున్నవారు ఒకే దినమున సూర్యాస్తమయమును టెలిఫోనులో పోల్చి చూచుకొన్నను, ఇంచుమించుగా నింతటి భేదమే వినబడును.

ఇక ఋతువులు. రాత్రివేళ గదిలో దీపములన్నియు ఆర్పి, నడుమ నొక పీటమీద ఒక్క దీపమునుంచుడు. ఒక బత్తాయిని తెచ్చి, తొడిమనుండి క్రిందివఱకు గొడుగుఊచ నొకదానిని గ్రుచ్చుడు. అది భూమి యక్షము. కాయ నడుమకు కొంచెము పైగా కుంకుమతో బొట్టు పెట్టుడు. అది మన యూరు. ఊచను నిలువుగా పట్టరాదు. లంబకోణములో నాలుగవ వంతుకంటె కొంచెమెక్కువగా, అనగా 23½ డిగ్రీలు, ఉత్తరపు గోడవైపు వ్రాల్చి పట్టవలెను. ఇప్పుడు దీపమునకు దక్షిణమున నిలిచి, అటనుండి తూర్పునకును, ఉత్తరమునకును, పడమటికిని నడచుచు దీపమును చుట్టి రండు.

ఉపాధ్యాయులు సయితము తప్పునది ఇచ్చటనే. చుట్టు తిరుగునపుడు చేయి తనంత తానే మెలివడి, ఊచ యెప్పుడును దీపమువైపునకే వ్రాలుచుండును. అట్లయినచో ఏడాది పొడుగునను వేసవియే! ఊచ మొన యెచ్చట నున్నను ఉత్తరపు గోడనే చూడవలెను. భూమియు నట్లే చేయుచున్నదనుటకు సాక్షి ధ్రువనక్షత్రము. మీ పెరటిలో నొకచోట నిలిచి చూచినచో, కార్తికమున నే కొబ్బరిచెట్టు తలపై ధ్రువుడు కనబడునో ఫాల్గునమునను ఆ చెట్టు తలపైననే కనబడును. కృత్తికలట్లు కావు. మన పల్లెలలో పిల్లలకోడి యనెడి ఆ చుక్కల గుంపు కార్తికమున ప్రొద్దుగ్రుంకినంతనే తూర్పున పొడుచును. వైశాఖమున సూర్యకాంతిలో మునిగి కానరాదు. భూమి సూర్యుని చుట్టు సాగుచున్నది గనుకనే రాత్రివేళ మనమాకాశమున వేఱువేఱు దిక్కులను చూచుచున్నాము.

దీపమునకు దక్షిణమున నిలిచినపుడు కాయ తల దీపమువైపు వ్రాలియున్నది. ఇపుడు కాయను ఊచ చుట్టు మెల్లగా త్రిప్పినచో, కుంకుమబొట్టు వెలుగులో నుండు కాలము చీకటిలో నుండు కాలముకంటె నెక్కువయగును. వెలుగును దానిపై నిటారుగా బడును. ఉత్తరమునకు వచ్చి నిలిచినచో తల దీపమునకు పెడమొగమైనది. బొట్టు చీకటిలోనే యెక్కువకాలముండును, వెలుగు ఏటవాలుగా పడును. వేసవియు చలికాలమును ఈ రెండు చోట్లనే యున్నవి. తూర్పు పడమరలలో నిలిచినపుడు పగలు రాత్రి సమానములు.

మన పూర్వులు ఇదే సంగతిని నీడతో కొలిచిరి. జ్యోతిషమున శంకువనగా 12 అంగుళముల కఱ్ఱ. నాలుగడుగుల కఱ్ఱను వాకిట నిట్టనిలువుగా పాతి, దానిని 12 భాగములనుకొనుడు. ఒక్కొక్క భాగము నాలుగు ఇంచులు. నీడ యెప్పుడు మిక్కిలి పొట్టిదగునో అదియే మీ యూరి మధ్యాహ్నము. గడియారమున 12 కావలెనన్న నియమము లేదు. బెజవాడ యక్షాంశము 16½ డిగ్రీలు. అచ్చట విషువద్దినమున, అనగా మార్చి 20, 21 తేదీల ప్రాంతమున, నడిమధ్యాహ్నపు నీడ రమారమి మూడున్నర భాగములు. దీనికే పలభ యని పేరు. డిసెంబరు 21, 22 తేదీల ప్రాంతమున పదిభాగములు. జూను 21 ప్రాంతమున ఒకటిన్నర భాగమే. అదియు ఉత్తరమునకు గాక దక్షిణమునకు పడును! పిల్లలకు ఈ దక్షిణపు నీడను చూపినపుడు కలుగు వింత నేను మాటలలో చెప్పలేను. నడుమ రెండు దినములలో నీడయే యుండదు. హైదరాబాదులో ఆ దినములు మే 9, ఆగస్టు 3 ప్రాంతమున వచ్చును. దక్షిణమున నున్న తిరుపతిలో మొదటిది ముందుగాను రెండవది వెనుకగాను వచ్చును.

డిసెంబరు నెలాఖరున బెజవాడలో మధ్యాహ్నపు టెండ యేటవాలుగా పడుటచేత ఒక్కొక్క గజము నేలకు లభించు వేడి, నిటారుగా పడినపుడు లభించుదానిలో ముప్పాతిక వంతునకు మించదు. పగటిపొడుగు అప్పుడు రమారమి 11 గంటలు, జూనులో 13 గంటలు. ఏటవాలును, పొట్టి పగలును కలిసి చలికాలమును చేయుచున్నవి. దూరమునకు ఇందులో పాలు మిక్కిలి స్వల్పము. అంతేకాదు, లెక్క తలక్రిందులుగా నున్నది. భూమి సూర్యునికి మిక్కిలి సమీపమున నుండునది జనవరి మొదటి వారమున, మనము భోగిమంటల కొఱకు కట్టెలు పోగుచేసికొను దినములలో! అప్పటి దూరము సుమారు 9 కోట్ల 14 లక్షల మైళ్లు. మిక్కిలి దూరమున నుండునది జూలై మొదటి వారమున, సుమారు 9 కోట్ల 45 లక్షల మైళ్లు. నేను గీసిన గ్రుడ్డు బొమ్మ యెంత యబద్ధమో దీనినిబట్టి తెలియును. నిజమైన త్రోవ బొమ్మలో గీసినచో వృత్తమువలెనే కనబడును.

దూరమే కారణమైనచో భూమికంతటికిని ఒక్కమాఱే వేసవి రావలెను. 1860 మొదలు మనవారు కూలిపనికై ఓడలెక్కి దక్షిణాఫ్రికాలోని నేటాలునకు పోయిరి. వారి సంతతివారు నేటికిని డర్బను ప్రాంతమున నున్నారు. ఆ యూరు భూమధ్యరేఖకు దక్షిణమున నున్నది. మనమిచ్చట కంబళి కప్పుకొను సంక్రాంతినాడు వారికచ్చట నడివేసవి. మన ఉగాదికి మామిడి చిగుళ్లు, వారికి శరత్తు.

ఎండ మిక్కిలి నిటారుగా జూనులో రావలసియుండగా మే నెలలోనే మండిపోవుటేలయని తెలివిగల పిల్లవాడడుగును. మన దేశమున సూర్యుడు నడినెత్తికి వచ్చునది మే నెలలోనే. జూనులో నైరృతి ఋతుపవనములు మబ్బును తెచ్చి యెండను కప్పివేయును. ఇంగ్లీషు పుస్తకములను చూచి నాలుగే ఋతువులని వల్లెవేయించుట నాకు గిట్టదు. వర్షర్తువును విడిచిన లెక్క మన పొలములకేమి పనికివచ్చును?

మఱియొక సంగతి పెద్దలకు కొంచెము కష్టముగా నుండును. కఱ్ఱ పాతిన పిల్లవాడు డిసెంబరు 22 మొదలు నీడ తగ్గుచున్నదని గుఱుతు పెట్టును. జనవరి 14 లేక 15న మకరసంక్రాంతి వచ్చును. ఆనాటికి బెజవాడలో పదిభాగముల నీడ తొమ్మిదింబాతికకు దిగియుండును. నాలుగడుగుల కఱ్ఱకు మూడించుల భేదము, కంటికి దాగదు. వాడు వచ్చి, "తాతా, ఉత్తరాయణము నేడు ప్రారంభమని పంచాంగమున నున్నది. నా నీడ మూడు వారముల క్రిందటనే వెనుదిరిగినది" అనును. అపుడు వానిని నాస్తికుడనవలదు, పంచాంగమును చింపవలదు. బొంగరము వేగము తగ్గినపుడు తల యాడించునట్లు భూమి యక్షమును మిక్కిలి మెల్లగా తల త్రిప్పుచున్నది. ఒక చుట్టునకు రమారమి 26,000 ఏండ్లు. డిగ్రీకి 72 ఏండ్లు. ధ్రువుడు కదలడని ముందు చెప్పినది మన జీవితకాలమునకే. సుమారు 1,700 ఏండ్ల క్రిందట సంక్రాంతియు నిజమైన ఉత్తరాయణమును ఒక్కనాడే వచ్చెడివి. నక్షత్రముల ననుసరించు మన పంచాంగము రాశిని విడువలేదు, అయనము ముందునకు జరిగినది. దీనినే మన సిద్ధాంతులు అయనచలన మనిరి. ఆనాటి శాస్త్రకర్తలు నీడను చూచియే వ్రాసిరి. మీ మనుమడును నీడనే చూచుచున్నాడు. వాని కొలతలను తేదీలతో ఒక పుస్తకమున వ్రాయించి, దానిని మీ పంచాంగము ప్రక్కనే యుంచుడు. ఈ డిసెంబరు 21న కఱ్ఱ పాతుటకు వాకిలి చదునుగా నున్నదో లేదో మాత్రము ముందుగా నీళ్లు పోసి చూచుకొనుడు. నేల వాలినచో నీడయు నబద్ధమాడును.