పెళ్లి టెన్షన్ ఎక్కడ మొదలవుతుంది? మండపం బుక్ చేసే ముందు తేల్చుకోవాల్సిన మాటలు

ఈ ఎపిసోడ్‌లో పెళ్లి ఏర్పాట్ల గురించి మాట్లాడుకుందాం. మీ పెళ్లే కావచ్చు, అక్క పెళ్లో తమ్ముడి పెళ్లో కావచ్చు. ఎవరి పెళ్లైనా సరే, ఇంట్లో ఫోన్ బాగా వాడటం వచ్చిన మనిషి మీదే సగం పనులు పడతాయి కదా. అందుకే ఇది మీకోసం.

పెళ్లిలో పనులు చాలానే ఉంటాయి. కానీ మనిషికి నిద్ర పట్టనివ్వనిది పని కాదండీ, తేలని మాట. పనిని బాబాయికి ఇంత, ఫ్రెండ్‌కి ఇంత అని పంచేయొచ్చు. తేలని మాట మాత్రం ఎవరికీ అప్పజెప్పలేం. ఎంతలో చేద్దాం, ఎంతమందిని పిలుద్దాం, చివరికి ఎవరి మాట చెల్లుతుంది అనేవి మండపానికి అడ్వాన్స్ ఇవ్వకముందే తేలాలి. మన ఇళ్లల్లో జరిగేది తలకిందులు. ముందు మండపం చూస్తాం, తర్వాత చీరలు చూస్తాం, డబ్బు మాట పెళ్లికి పది రోజుల ముందు వస్తుంది. అప్పుడు అందరూ అరుచుకుంటారు.

ముందు డబ్బు సంగతి. మన దగ్గర ఒక మాట తరచుగా వినపడుతుంది. "మాకు కట్నాలు కానుకలు ఏమీ వద్దండీ, పెళ్లి మాత్రం ఘనంగా చేయండి చాలు." వినడానికి ఎంత మర్యాదగా ఉందో చూడండి. కానీ ఆ "ఘనంగా" అనే మాటకి అంకె లేదు. అంకె లేదు కాబట్టి హద్దూ లేదు. అమ్మాయి తండ్రి ఆ మాట విని ఇంటికొచ్చి, వాళ్ల అంచనా ఎంతో ఊహించుకుని, దానికి ఇంకొంచెం కలిపి ఖర్చు పెడతాడు. ఎక్కడ తక్కువైతే అమ్మాయికి మాట పడుతుందో అని భయం. అందుకే ఈ మాట వచ్చిన రోజే దాన్ని విడమర్చి అడగాలి. ఎంతమంది వస్తారు? ఎన్ని పూటల భోజనం? ఎన్ని గదులు కావాలి? రిసెప్షన్ ఖర్చు ఎవరిది?

అడగాల్సింది ఎవరు? నా ఉద్దేశంలో పెళ్లికొడుకు. అమ్మాయి వైపు వాళ్లు అడిగితే "లెక్కలు చూస్తున్నారు" అంటారు. అదే అబ్బాయి వాళ్ల నాన్నని కూర్చోబెట్టి, "నాన్నా, మన వైపు నుంచి ఎంతమంది? ఖర్చులో మనం ఎంత పెట్టుకుందాం?" అని అడిగితే సగం గొడవలు అక్కడే ఆగిపోతాయి. ఇది వింటున్న అబ్బాయిలూ, పెళ్లికి మీరు చేసే అతి పెద్ద పని ఇదే. షేర్వాణీ సెలక్షన్ తర్వాత చూసుకోవచ్చు.

ఇంకోటి కూడా చెప్పాలి. కట్నం ఇవ్వడం, తీసుకోవడం రెండూ 1961 చట్టం ప్రకారం నేరమే. అడగడం కూడా నేరమే. ఇష్టంగా ఇచ్చే కానుకలకి ఇద్దరి వైపూ జాబితా రాసి సంతకాలు పెట్టి ఉంచుకోవాలని 1985 నాటి నియమాలు చెబుతున్నాయి. ఈ జాబితా సంగతి చాలామందికి తెలియనే తెలియదు.

ఇక ఎంతమందిని పిలవాలి అనేది. నన్నడిగితే పెళ్లి ఖర్చు అంతా ఈ ఒక్క అంకె చుట్టూనే తిరుగుతుంది. ప్లేటు 600 రూపాయలు అనుకుందాం. 400 మందికి 2,40,000 అవుతుంది. 900 మందికైతే 5,40,000. తేడా 3 లక్షలు, అదీ భోజనానికే. 900 మంది అంటే పెద్ద మండపం కావాలి, బస్సులు కావాలి, రిటర్న్ గిఫ్టులు కావాలి, వాటర్ బాటిళ్లు కావాలి. ఆ 3 లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి, నెలకి 6,000, ఏడాదికి 72,000 వడ్డీకే పోతుంది. అసలు అలాగే ఉంటుంది. అల్లుడు గారు మూడో పండక్కి వచ్చేనాటికి కూడా నాన్న ఆ వడ్డీ కడుతూనే ఉంటాడు.

మరి తగ్గించడం ఎలా? "తగ్గిద్దాం" అంటే ఏ ఇంట్లోనూ తగ్గదు. ఒక షీట్ తీయండి. ఫోన్‌లో గూగుల్ షీట్స్ చాలు. పేరు, ఎవరి తరఫు, ఎంతమంది వస్తారు, ఎవరు పిలవాలి, పిలిచామా లేదా, అంతే. అమ్మకి, నాన్నకి, మీకు తలా ఒక కోటా ఇచ్చేయండి. అమ్మ కోటాలో ఎవరిని పిలవాలో అమ్మ ఇష్టం, నాన్న కోటా నాన్న ఇష్టం. మనం మనుషుల గురించి వాదించకూడదు, అంకె గురించే మాట్లాడాలి. "మీ చిన్నత్తని ఎందుకు పిలుస్తున్నావ్" అంటే యుద్ధమే కదా. "అమ్మా, నీ కోటాలో ఇంకా పన్నెండు మందికే చోటుంది" అంటే అమ్మే ఆలోచించుకుంటుంది.

పిలుపుల విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. ఫ్రెండ్స్‌కి, ఆఫీసు వాళ్లకి వాట్సాప్ శుభలేఖ చాలు. మేనమామకి, మేనత్తకి, పెదనాన్నకి వాట్సాప్‌లో ఫోటో పెట్టి "తప్పకుండా రండి" అంటే చాలదు. ఇంటికెళ్లి బొట్టు పెట్టి పిలవాలి, దూరమైతే కనీసం ఫోన్ చేసి మాట్లాడాలి. పెళ్లిలో వచ్చే అలకల్లో ఎక్కువ భాగం కూర గురించి కాదు, పిలుపు గురించే. అలకపాన్పు అని అలకకి ఒక తంతే పెట్టుకున్న జాతి మనది, ఆ మాత్రం ముందు చూపు ఉండాలి కదా.

ఇప్పుడు ముహూర్తం. ఆషాఢం, భాద్రపదం, పుష్యం మాసాల్లో మనవాళ్లు పెళ్లిళ్లు పెట్టరు. దానికి తోడు గురు మూఢం, శుక్ర మూఢం వస్తే ఆ రోజులూ పోతాయి. మిగిలిన కొద్ది మంచి రోజుల మీదే ఊరంతా పడుతుంది. ఒకే తేదీకి మండపాలు, వంటవాళ్లు, ఫోటోగ్రాఫర్లు, ఆఖరికి పురోహితుడు కూడా దొరకరు. అందుకని పంతులుగారిని ఒక్క ముహూర్తం కాదు, రెండు మూడు అడగండి. తేదీ చేతిలో రెండు మూడు ఉంటే బేరం మన వైపు ఉంటుంది. టైం కూడా చూసుకోవాలి. ముహూర్తం రాత్రి రెండింటికి అయితే వచ్చినవాళ్లలో ఎక్కువమంది భోజనం చేసి వెళ్లిపోతారు. జీలకర్ర బెల్లం పెట్టే వేళకి దగ్గరివాళ్లే ఉంటారు. అప్పుడు ఆ మండపం అలంకరణకి లక్షలు పోయడం ఎవరి కోసమో ఒకసారి ఆలోచించండి.

మండపం వాళ్లతో మాట్లాడేటప్పుడు అద్దె ఒక్కటే అడిగి వచ్చేయకండి. కరెంట్ మీటరు ప్రకారమా, అద్దెలో కలిసిందా? జనరేటర్ డీజిల్ ఎవరిది? క్లీనింగ్ చార్జీ ఎంత? బయటి వంటవాళ్లని రానిస్తారా? ఏ టైంకి ఖాళీ చేయాలి? పెళ్లి తేదీ మారితే అడ్వాన్స్ సంగతేంటి? ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. కాగితం ఇవ్వకపోతే, మాట్లాడుకున్నదంతా మీరే వాట్సాప్‌లో టైప్ చేసి పంపి, "ఓకే" అని రిప్లై తీసుకోండి. అడ్వాన్స్ యూపీఐలో పంపితే తేదీతో సహా రికార్డు ఉంటుంది. క్యాటరింగ్ వాళ్లతోనూ ఇంతే. ఎన్ని ప్లేట్లకి గ్యారంటీ, అంతకంటే తక్కువమంది వస్తే ఏంటి, ఎక్కువైతే రేటు ఏంటి, లెక్క ఎవరు చూస్తారు అన్నది ముందే ఖాయం చేసుకోవాలి.

బంగారం గురించి రెండే ముక్కలు. హాల్‌మార్క్ ఉన్న నగ మీద అంకెలు, అక్షరాలు కలిసిన ఆరు స్థానాల హెచ్‌యూఐడీ ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో అది కొట్టి చూస్తే నగ వివరాలు వస్తాయి. షాపులో ఉన్నప్పుడే చూడండి. రెండోది, ధర అడిగేటప్పుడు తరుగు, మజూరీ విడివిడిగా చెప్పించుకోండి.

పెళ్లి రోజు పెళ్లికూతురి చేతిలో, పెళ్లికొడుకు చేతిలో ఫోన్ ఉండకూడదు. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. పూలవాడు, బస్సు డ్రైవరు, సన్నాయి మేళం వాళ్లు అందరికీ ముందు రోజే ఒక నంబర్ ఇచ్చేయండి. ఆ మనిషి మీ అన్నయ్యో, నమ్మకమైన ఫ్రెండో అయి ఉండాలి. నిర్ణయం తీసుకునే అధికారం కూడా ఇవ్వాలి. "ఐదు వేల లోపు ఏదైనా నువ్వే చూసుకో, నన్ను అడగొద్దు" అని చెప్పేయండి. పురోహితుడి జాబితాలో ఉన్న సామాను అంతా ఒకే సంచిలో, ఒకే మనిషి దగ్గర ఉండాలి. అడ్డుతెర, భాషికాలు, మట్టెలు, తలంబ్రాలు, మంగళసూత్రాలు. పీటల మీద కూర్చున్నాక "మట్టెలు ఏ సంచిలో పెట్టారే" అని వెతకడం చూశారు కదా.

ఇంకో సంగతి ఎవరూ పట్టించుకోరు. పెళ్లికూతురు, పెళ్లికొడుకు పొద్దుట్నుంచి ఏమీ తినరు. ఉపవాసం ఉండాలంటే పాలు, పళ్లు తీసుకోవచ్చా అని పంతులుగారిని ముందే అడగండి. ఖాళీ కడుపు, హోమం పొగ, పట్టుచీర, పైన వీడియో లైట్లు. కళ్లు తిరగడానికి ఇంకేం కావాలి చెప్పండి.

పెళ్లయ్యాక రిజిస్ట్రేషన్ వాయిదా వేయకండి. పెళ్లి ఫోటోలు, శుభలేఖ, ఇద్దరి వయసు, అడ్రస్ పత్రాలు, సాక్షులు ఉంటే పని అవుతుంది. వీసాకి, బ్యాంకుకి, రేపు ఇంకేదైనా అవసరానికి అదే ఆధారం. ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకునేవాళ్లకి మాత్రం 30 రోజుల నోటీసు ఉంటుంది, తేదీ దాన్ని బట్టి పెట్టుకోండి.

చదివింపుల పుస్తకం, మిగిలిన బిల్లులు పెళ్లయిన వారంలోపే ఇద్దరూ కూర్చుని ఒకసారి చూసుకోండి. ఎవరు ఎంత చదివించారో ఆ పుస్తకం జాగ్రత్తగా దాచండి, రేపు వాళ్లింట్లో పెళ్లికి మీరే తీసి చూస్తారు. వచ్చే ఎపిసోడ్‌లో కొత్త కాపురం మొదటి మూడు నెలల ఖర్చుల గురించి మాట్లాడుకుందాం. ఉంటాను మరి, నమస్తే.