సూర్యగడియారం నుంచి జీపు కిందికి

జీపు ఎత్తు పెంచుకోవాలన్న సరదా ముందుగా స్ప్రింగుల మీదికే పోతుంది. నాలుగు అంగుళాలు లేపి, పెద్ద టైర్లు ఎక్కించి రోడ్డెక్కుతారు. ఊళ్లో తిరిగినంతసేపూ దర్జాగానే ఉంటుంది. వేగం పెరిగేసరికి సీటు కింద సన్నటి వణుకు మొదలవుతుంది, అద్దంలో వెనక బండి చెదిరి కనిపిస్తుంది. టైర్లు బ్యాలెన్స్ చేయిస్తారు, పోదు. ఇంజను తిప్పుడును ఇరుసుకు చేర్చే షాఫ్టును బ్యాలెన్స్ చేయిస్తారు, అప్పటికీ పోదు. చాలాసార్లు అక్కడ చెడిపోయిన భాగమంటూ ఏదీ ఉండదు మరి. ఆ వణుకు ఒక కీలుకు పుట్టుకతో వచ్చిన గుణం.

ఆ కీలును మన మెకానిక్కులు ‘క్రాస్’ అంటారు. పుస్తకాల్లో యూనివర్సల్ జాయింట్. చేతిలోకి తీసుకుంటే కూడిక గుర్తు ఆకారంలో ఓ ఉక్కు ముక్క, నాలుగు కొసలకు నాలుగు టోపీలు, టోపీల లోపల సూదుల్లాంటి బేరింగులు. ఎదురెదురు కొసలు రెండింటిని ఒక షాఫ్టు చివరి పంగ పట్టుకుంటుంది, మిగతా రెండింటిని రెండో షాఫ్టుది. వంపు తిరిగిన చోట కూడా తిప్పుడు ఆగకుండా దాటిపోతుంది. టోపీ అంచున ఎర్రటి తుప్పుపొడి కనిపిస్తే మాత్రం లోపల గ్రీజు ఎండిపోయిందని అర్థం. అలాంటప్పుడు క్రాస్ మార్చడమే, కోణాల లెక్క తర్వాత.

యూరప్‌లో దీన్ని ‘కార్డాన్’ అంటారు, 16వ శతాబ్దపు ఇటలీ పండితుడు కార్డానో పేరు మీద. నా లెక్కలో ఆ గౌరవం ఇంగ్లిష్ శాస్త్రవేత్త రాబర్ట్ హుక్‌కు దక్కాలి. లండన్‌లో 1676 నాటి తన పుస్తకంలో, దూరాన ఉన్న ఖగోళ పరికరాన్ని పిడితో తిప్పడానికి ఈ కీలును వర్ణించింది ఆయనే. ఇంకో సంగతీ పసిగట్టాడు. ఒక కడ్డీని సమానంగా తిప్పినా, వంపు అవతలి కడ్డీ కాసేపు ముందుకురికి, కాసేపు వెనకబడుతుంది. నేల మీద పరిచిన సూర్యగడియారంలో గంట గీతలు మధ్యాహ్నం దగ్గర ఇరుకుగా, ఉదయం సాయంత్రాల వైపు ఎడంగా ఉంటాయి కదా, రెండింటిదీ ఒకటే లెక్క. మరొకరైతే దాన్ని లోపమని దిద్దబోయేవారు. హుక్ మాత్రం ఆ గుణంతోనే గడియారపు ముల్లును నీడలాగా నడిపించవచ్చని చూపించాడు.

తొలినాటి కార్లు చాలావరకు చైన్లతో నడిచేవి. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో చదివిన క్లారెన్స్ స్పైసర్ కీలు, షాఫ్టులతో ఆ చైన్ల బెడద తీర్చి 1903లో పేటెంటు పొందాడు, మరుసటి ఏడు న్యూజెర్సీలో తయారీకి దిగాడు. రెండో ప్రపంచయుద్ధపు విల్లీస్ జీపు కిందా ఇదే కీలు. 1947 నుంచి మహీంద్రా వాళ్ల చేతుల మీదుగా ఆ జీపు మన దేశానికొచ్చాక, ‘క్రాస్ పోయింది’ అన్న మాట మన షెడ్లలోకీ వచ్చింది.

ఇప్పుడు హుక్ పసిగట్టిన ఆ ముందు వెనకల లెక్క చూద్దాం. షాఫ్టు ఒక్క చుట్టు తిరిగేలోపు ఈ ఉరకడం, వెనకబడడం రెండేసి సార్లు జరుగుతాయి. కీలు వంపు 3 డిగ్రీలైతే తేడా నూటికి 0.14 వంతే. 20 డిగ్రీలైతే ఇటూ అటూ 6 వంతులు దాటుతుంది. నిమిషానికి 2,400 చుట్లు తిరిగే షాఫ్టులో అది సెకనుకు 80 కుదుపులు. దీనికి విరుగుడు రెండో కీలే. షాఫ్టు రెండు కొసల్లోనూ వంపు సమానంగా ఉండి, దాని పంగలు ఒకే వరసలో ఉంటే, మొదటి కీలు పెట్టిన హెచ్చుతగ్గులను రెండోది సరిచేస్తుంది. అయినా మధ్యలో షాఫ్టు ఊగిసలాట మిగులుతుంది, వంపు ఎక్కువైతే అదొక్కటే చాలు బండిని వణికించడానికి.

1997 మోడల్‌గా వచ్చిన జీప్ రాంగ్లర్ టీజే దీనికి మంచి ఉదాహరణ. పొట్టి బండి, వెనక షాఫ్టు ఇంచుమించు మూరెడు. అయిదడుగుల షాఫ్టున్న బండిని 4 అంగుళాలు లేపితే వంపు 4 డిగ్రీలైనా పెరగదు, మూరెడు షాఫ్టుకైతే 12 డిగ్రీల పైమాటే. చవక మందు, తిప్పుడును ముందు వెనక ఇరుసులకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసును అంగుళం కిందికి దించడం. ఎత్తు కోసం డబ్బు పోసి, నడుమను మళ్లీ నేలకు దగ్గర చేయడం నాకు ఎప్పుడూ నవ్వొచ్చే పని. గట్టి మందు ఏమిటంటే, ట్రాన్స్‌ఫర్ కేసు తోకను పొట్టి చేసే కిట్ వేసి షాఫ్టును పొడుగు చేయడం, పై కొసకు డబుల్ కార్డాన్ పెట్టడం. పక్కపక్కనే ఉన్న రెండు క్రాస్‌లు వంపును చెరిసగం పంచుకుంటాయి.

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. కొత్త షాఫ్టు బిగించి, ఇరుసు వైపు షాఫ్టును అందుకునే పినియన్‌ను పాత కోణంలోనే వదిలేస్తారు. పై కొస తన హెచ్చుతగ్గులను తానే సర్దుకుంది కాబట్టి, కింది కీలు వంపుకు జోడీ లేకుండా పోతుంది. ఇప్పుడు పినియన్ నేరుగా షాఫ్టు వైపే చూడాలి. సరిగ్గా సూటిగా కాదు, ఒకటి రెండు డిగ్రీలు కిందికి. యాక్సిలేటర్ తొక్కగానే ఇరుసు మెలితిరిగి పినియన్ ముక్కు పైకి లేస్తుంది, ఆ కాస్త వదులు దానికే. ఇరుసును పట్టి ఉంచే, పొడవు మార్చుకునే కంట్రోల్ ఆర్మ్‌లు బిగించి, బండి సొంత బరువు మీద నిలబడి ఉండగా యాంగిల్ గేజ్ పెట్టి చూడాలి. జాకీ మీద వేలాడుతున్నప్పుడు తీసిన కొలత దేనికీ పనికిరాదు.

ముందు ఇరుసుకు మాత్రం ఈ స్వేచ్ఛ లేదు. దాని పినియన్‌ను పైకి తిప్పితే చక్రాలను మోసే పిడికిళ్ల పై కొసలు కూడా ముందుకు వాలుతాయి, వాటి వెనక వాలు, అంటే కాస్టర్, తగ్గి స్టీరింగ్ నిలకడ తప్పుతుంది. టీజేలో ముందు షాఫ్టు ఫోర్‌వీల్ వేయకపోయినా తిరుగుతూనే ఉంటుంది. అక్కడ వణుకు కొంత, స్టీరింగ్ కొంత సర్దుకుని, రెండింటి మధ్య ఏదో ఒక డిగ్రీ దగ్గర బోల్టు బిగించాల్సిందే.