చీలమండలో సూది... నొప్పికి మందేనా?

మోకాళ్లు అరిగిపోవడం అందరికీ తెలిసిందే. చీలమండ కూడా అరుగుతుందంటే మాత్రం చాలామంది ఆశ్చర్యపోతారు. మోకాలు ఎక్కువగా వయసుతో అరిగితే, చీలమండ ఎక్కువగా పాతదెబ్బతో అరుగుతుంది. ఎప్పుడో బండి మీంచి పడితే విరిగిన ఎముక, మళ్లీమళ్లీ బెణికిన కాలు... ఏళ్ల తర్వాత బాకీ వసూలు చేస్తాయి. అందుకే సంసారం మోసే వయసులోనే కొందరు కుంటాల్సివస్తుంది.

సోమాజిగూడ, పంజాగుట్టలకు ఎముకల వైద్యం కొత్తకాదు. ఇక్కడి నిమ్స్ మొదలైందే ఎముకల ఆసుపత్రిగా! ఆపరేషన్ అనగానే ఎవరికైనా వచ్చే సందేహం- 'ఇంజెక్షన్‌తో తగ్గదా?'

మూడు రకాలు

స్టెరాయిడ్: కీలులో వాపును తగ్గిస్తుంది. ఉపశమనం కొన్ని వారాలు, మహా అయితే కొన్ని నెలలు. షుగర్ ఉన్నవాళ్లకు కొద్దిరోజులు చక్కెర పెరగొచ్చు. పదేపదే చేయించుకుంటే మిగిలిన గుజ్జూ దెబ్బతినే ప్రమాదముంది.

హైలురానిక్ ఆమ్లం: కీలులో సహజంగా ఉండే జిగురు లాంటిదే. బండికి ఆయిల్ పోసినట్టన్నమాట. చీలమండకు ఎంత మేలన్నది ఇంకా గట్టిగా తేలలేదు.

పీఆర్‌పీ: మన రక్తాన్నే యంత్రంలో తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న భాగాన్ని కీలులోకి ఎక్కిస్తారు. ఖర్చు వేలల్లో.

ఉప్పునీరూ అంతే!

నెదర్లాండ్స్ వైద్యులు చీలమండ అరిగిన 100 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు పీఆర్‌పీ, రెండో జట్టుకు ఉత్త ఉప్పునీరు ఆరువారాల తేడాతో రెండుసార్లు ఇచ్చారు. ఎవరికేది ఇచ్చారో రోగులకు తెలియదు. 26 వారాలకు 100 పాయింట్ల కొలమానంలో పీఆర్‌పీ జట్టు 10, ఉప్పునీటి జట్టు 11 పాయింట్లు మెరుగుపడ్డాయి! 2021లో 'జామా' పత్రికలో వచ్చిన ఫలితమిది. ఇంజెక్షన్ తర్వాత నొప్పి తగ్గినంత మాత్రాన అది మందు గొప్పతనమే అనుకోలేమన్నమాట.

ముందు ఇవి చూడండి

బరువు తగ్గడం, అడుగు గుండ్రంగా ఉండే బూట్లు, చీలమండకు పట్టీ, ఫిజియోథెరపీ... వీటిని కొన్ని నెలలు శ్రద్ధగా ప్రయత్నించాలి. గొంతుక్కూర్చుంటే చీలమండ బాగా వంగుతుంది కాబట్టి అదీ తగ్గించాలి. ఇంట్లో పెళ్లి ఉందనో, ప్రయాణం తప్పదనో నొప్పిని కొన్నాళ్లు అదుపులో పెట్టాలంటే స్టెరాయిడ్ సంగతి డాక్టరుతో మాట్లాడొచ్చు. అరిగిన గుజ్జును ఏ ఇంజెక్షనూ తిరిగి పెంచుతుందని రుజువు కాలేదు.

ఇంజెక్షన్ తర్వాత కాలు ఎర్రబడి, నొప్పి పెరిగి, జ్వరం వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. కీలులో ఇన్ఫెక్షన్ అరుదే గానీ ప్రమాదకరం.

సూది వేయించుకునే ముందు డాక్టరును మూడే ప్రశ్నలు అడగండి: ఏ మందు? ఎన్నాళ్లు పనిచేస్తుంది? తగ్గకపోతే తర్వాతేంటి?